వరాహగిరి వెంకటగిరి గారు, మన గ్రాట్యుటీ కాగితాలు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక జీవిత చరిత్ర రాయమని కార్యదర్శి గారు కోరారు. సినిమావారి గురించి, స్వాతంత్ర్య సమరయోధుల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. మనం నెలనెలా పుచ్చుకునే పింఛనుకు, రిటైరైన రోజున చేతికొచ్చిన గ్రాట్యుటీకి, మన పిల్లలు దాచుకునే ప్రావిడెంట్ ఫండుకు దగ్గరగా ఉన్న మనిషి ఎవరని ఆలోచిస్తే స్వర్గీయ వి.వి.గిరి గారు గుర్తుకు వచ్చారు. పైగా ఆయన మనకు పరాయివారు కారు. పలాసలో రైలెక్కితే రెండు గంటల లోపు వచ్చే బరంపురం ఆయన పుట్టిన ఊరు.

గిరి గారు 1894 ఆగస్టు 10న జన్మించారు. అప్పట్లో బరంపురం, టెక్కలి, పలాస, సోంపేట, ఇచ్ఛాపురం అన్నీ మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లాలోనివే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం అటు వెళ్ళింది, మనం ఇటు విశాఖపట్నం జిల్లాలో మిగిలాం. 1950లో శ్రీకాకుళం జిల్లా అయ్యాం. ఉద్దానంలో బరంపురంతో బంధుత్వం లేని ఇల్లు అరుదు. సంబంధాలు, బేరాలు, ఇప్పుడు ఆసుపత్రులు కూడా అటే. గిరి గారి తండ్రి జోగయ్య పంతులు గారు పేరున్న వకీలు, తల్లి సుభద్రమ్మ గారు. కళ్ళికోట కళాశాలలో చదువు ముగించి, 1913లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లండు రాజధాని డబ్లిన్ వెళ్ళారు. అందరూ లండను వెళ్తుంటే ఆయన డబ్లిన్ ఎంచుకోవడమే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. అక్కడ ఐరిష్ ప్రజల స్వాతంత్ర్య పోరాటమూ, కార్మికుల సమ్మెలూ కళ్ళారా చూశారు. ఐరిష్ ఉద్యమకారులతో పరిచయాలు పెరిగాయి. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత దేశం విడిచిపొమ్మని ఆంగ్ల ప్రభుత్వం ఉత్తరువులిచ్చింది. ఆ ఏడే తిరిగి వచ్చి స్వస్థలంలో వకీలు వృత్తి పెట్టారు. సహాయ నిరాకరణ రోజుల్లో ఆ వృత్తినీ వదిలి జైలుకు వెళ్ళారు.

ఆ తరువాతి ఘట్టం పలాస వారు ప్రత్యేకంగా తెలుసుకోవలసినది. అప్పట్లో మన మీదుగా పోయే రైలు మార్గం బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీది. పెద్దలు దాన్ని బి.ఎన్.ఆర్. అనేవారు. నౌపడా నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడి వెళ్ళే చిన్న రైలు మార్గం కూడా మనవాళ్ళు ఎరిగినదే. కంపెనీ ఉద్యోగికి అప్పుడు భద్రత అనే మాట లేదు. ఫోర్‌మన్ దొరకు కోపం వస్తే ఉద్యోగం ఊడేది. జబ్బు చేస్తే జీతం లేదు. ముసలితనం వస్తే ఇంటికి పొమ్మనేవారు. గిరి గారు బి.ఎన్.ఆర్. కార్మికులను సంఘంగా కూడగట్టారు. 1927-28లో ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో మనుషుల్ని తీసివేసినప్పుడు జరిగిన ఆందోళనలో ఆయన ముందు నిలిచారు. అది హింస లేకుండా సాగిన సమ్మె అని పేరు పొందింది. అఖిల భారత రైల్వేమెన్స్ ఫెడరేషన్ స్థాపకుల్లో ఆయన ఒకరు, చాలాకాలం దాని ప్రధాన కార్యదర్శి. 1926లోనూ మళ్ళీ 1942లోనూ ఏ.ఐ.టి.యు.సి. అధ్యక్షులయ్యారు. 1927లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక మహాసభకు, 1931లో లండనులో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు.

1937 ఎన్నికల్లో బొబ్బిలి నియోజకవర్గంలో సాక్షాత్తూ బొబ్బిలి రాజా వారిని ఓడించారు. రాజా వారు అప్పటికి మద్రాసు రాష్ట్రానికి ప్రధానమంత్రి. జమీందారీ ప్రాంతంలో జమీందారును ఒక కార్మిక నాయకుడు ఓడించడమంటే ఆ రోజుల్లో ఎంత మాటో మన తాతల తరం చెప్పేది. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖ చూశారు. 1939లో మంత్రివర్గం రాజీనామా చేసింది. తర్వాత జైళ్ళు, 1946లో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గం, 1947 నుంచి 1951 దాకా సిలోనులో హైకమిషనర్ పదవి. ఇవన్నీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నవే కనుక విస్తరించను.

1952 తొలి సాధారణ ఎన్నికల్లో మన జిల్లాలోని పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. నెహ్రూ గారు కేంద్ర కార్మిక శాఖ అప్పగించారు. ఇక్కడ ఒక సంగతి సరిగ్గా చెప్పాలి. ప్రావిడెంట్ ఫండు చట్టం గిరి గారు తెచ్చారని కొందరు రాస్తుంటారు. అది నిజం కాదు. 1951 నవంబరులో ఆర్డినెన్సుగా, 1952 మార్చి 4న చట్టంగా వచ్చిన నాటికి ఆ శాఖ జగ్జీవన్ రామ్ గారి చేతిలో ఉంది. ఆ చట్టం కింద స్కీము తయారై 1952 నవంబరు 1 నుంచి పూర్తిగా నడవడం మొదలైనప్పుడు మంత్రి గిరి గారు. మొదట సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగ్, ఇనుము ఉక్కు, కాగితం, బట్టల మిల్లులు అనే ఆరు పరిశ్రమలకే వర్తించింది. రూపాయికి అణా చొప్పున, అంటే నూటికి ఆరుంపావు, కార్మికుడి జీతంలో కోత. అంతే మొత్తం యజమాని కలపాలి. ఆ జాబితా పెరుగుతూ వచ్చి జీడిపప్పు పరిశ్రమ కూడా అందులో చేరింది. పలాస కాశీబుగ్గల్లో బట్టీల దగ్గర జీడిపిక్క కొట్టే మన ఆడపడుచుల్లో ఎందరి పేర్లు నిజంగా ఆ పుస్తకాలకెక్కాయన్నది వేరే సంగతి.

1954 ఆగస్టులో ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశారు. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఒక తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం ఆ తీర్పును ఉద్యోగులకు నష్టం కలిగే విధంగా మార్చింది. పెద్దల ఎదుట తీర్పు చెప్పించి, తర్వాత గెలిచిన వాడి చేతిలోంచి లాక్కోవడం ఆయనకు నచ్చలేదు. కేంద్రమంత్రి పదవిని గుమాస్తాల జీతాల కోసం వదులుకున్న మనిషి నాకు తెలిసినంతలో మరొకరు లేరు. ఆ రాజీనామా వృథా కాలేదు. ప్రభుత్వం గజేంద్రగడ్కర్ గారి అధ్యక్షతన కమిషన్ వేసి, 1955లో దాని సిఫార్సుల మీద చట్టం చేసింది.

1957లో పార్వతీపురంలో ఓడిపోయారు. అది విచిత్రమైన ఓటమి. అది రెండు సీట్ల నియోజకవర్గం. ఒకటి గిరిజనులకు రిజర్వు, రెండోది జనరల్. ఓట్ల లెక్కలో గిరిజన అభ్యర్థి ఒకరు జనరల్ సీటులోనూ 565 ఓట్ల తేడాతో ఆయన్ని మించారు. రిజర్వు సీటుకు నిలబడినవారు జనరల్ సీటు ఎలా గెలుస్తారని గిరి గారు సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 1959లో కోర్టు గెలుపు చెల్లుతుందని చెప్పింది. కార్మికుల హక్కుల కోసం జీవితమంతా పోరాడిన మనిషి ఒక గిరిజనుడి గెలుపుపై కోర్టుకు వెళ్ళకుండా ఉంటే బాగుండేదని నా అభిప్రాయం. తీర్పు వచ్చాక ఆయన మారు మాట్లాడలేదు. తర్వాత కొద్ది ఏళ్ళకే అలాంటి జంట నియోజకవర్గాలు రద్దయ్యాయి.

ఆపైన ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు వరుసగా గవర్నరు అయ్యారు. గవర్నరు హోదాలో అక్కడి విశ్వవిద్యాలయాలకు ఛాన్సలర్ కూడా. 1967లో ఉపరాష్ట్రపతి. 1969 మే నెలలో జాకీర్ హుస్సేన్ గారు మరణించగా తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జులై 19న పద్నాలుగు బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్సుపై సంతకం చేసి, మరునాడు పదవికి రాజీనామా ఇచ్చి, స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికకు నిలబడ్డారు. పదిహేనేళ్ళ కిందట బ్యాంకు గుమాస్తాల కోసం పదవి వదిలిన మనిషి చేతి మీదుగానే ఆ బ్యాంకులు ప్రభుత్వపరం కావడం విధి విలాసమే. ఈనాడు మనలో చాలామంది పింఛను ఆ బ్యాంకుల్లోనే పడుతున్నది. అధికార కాంగ్రెసు అభ్యర్థి మన తెలుగువారే, నీలం సంజీవరెడ్డి గారు. మొదటి లెక్కలో ఎవరికీ కావలసినన్ని ఓట్లు రాలేదు. రెండో ప్రాధాన్యపు ఓట్లు లెక్కించాక గిరి గారు నెగ్గి ఆగస్టు 24న ప్రమాణం చేశారు. ఎన్నిక చెల్లదని వేసిన పిటిషన్లలో రాష్ట్రపతిగా ఉండి కూడా సుప్రీంకోర్టుకు స్వయంగా వచ్చి సాక్ష్యమిచ్చారు. 1970లో ఆ పిటిషన్లు కొట్టివేశారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 1971 మార్చి 1 నుంచి ప్రావిడెంట్ ఫండు సభ్యుల భార్యాబిడ్డలకు కుటుంబ పింఛను స్కీము మొదలైంది. 1972 ఆగస్టు 21న గ్రాట్యుటీ చెల్లింపు చట్టానికి రాష్ట్రపతిగా గిరి గారి ఆమోదం లభించింది. సెప్టెంబరు 16న అది అమలులోకి వచ్చింది. అంతకుముందు గ్రాట్యుటీ అంటే యజమాని దయ తలచి ఇచ్చే బహుమానం. ఆ రోజు నుంచి అది అడిగి పుచ్చుకునే హక్కు అయింది. అయిదేళ్ళు పనిచేస్తే చాలు. ఏడాదికి పదిహేను రోజుల జీతం. ఆ పదిహేను రోజుల లెక్క నెలకు 26 పనిదినాలుగా వేస్తారు. ఆఖరి జీతం 26,000 రూపాయలైతే పదిహేను రోజుల జీతం 15,000. ఇరవై ఏళ్ళ సర్వీసుకు మూడు లక్షలు. చివర ఆరు నెలలు దాటిన ముక్క ఉంటే పూర్తి ఏడాదిగానే లెక్క. మన ప్రభుత్వ నిబంధనల్లో, అంటే 1980 పింఛను నిబంధనల్లో, ప్రతి ఆరు నెలల సర్వీసుకు పావు నెల జీతం, మొత్తం పదహారున్నర నెలల జీతానికి మించకుండా. ఈ రెండు లెక్కలు కలిపి తికమక పడేవారు మన సంఘానికి తరచు వస్తుంటారు. ఏ కాగితం ఏ నిబంధన కిందదో ముందు చూసుకోవాలి.

ఈ తికమక విశ్వవిద్యాలయ ఉద్యోగులకు మరీ ఎక్కువ. మన జిల్లాలో ఎచ్చెర్లలో ఉన్నది ఒకప్పుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పి.జి. కేంద్రం. 2008లో అంబేద్కర్ విశ్వవిద్యాలయం అయింది. మన పిల్లలు, అల్లుళ్ళు కొందరు విశ్వవిద్యాలయాల్లోనే చేస్తున్నారు గనుక కొంత వివరంగా రాస్తాను. ప్రభుత్వ ఉద్యోగికి పింఛను ట్రెజరీ ద్వారా వస్తుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయం చట్టం ద్వారా ఏర్పడిన స్వయంప్రతిపత్తి గల సంస్థ. అక్కడ పర్మనెంటు ఉద్యోగి పింఛను విశ్వవిద్యాలయం తన ఖాతా నుంచి, ప్రభుత్వ గ్రాంటు తోడుతో చెల్లిస్తుంది. ప్రభుత్వ జి.ఓ. వచ్చినంత మాత్రాన అక్కడ వర్తించదు. పాలకమండలి దాన్ని స్వీకరిస్తూ తీర్మానం చేయాలి. అందుకే మనకు డి.ఎ. వచ్చిన నెలలో పక్కింటి విశ్వవిద్యాలయ పింఛనుదారుకు రాకపోవచ్చు. 2004 సెప్టెంబరు 1 తర్వాత చేరిన వారిది మన పాత పింఛను కాదు, సి.పి.ఎస్. వారి నెలసరి కోత, విశ్వవిద్యాలయం వాటా, రెండూ ఖాతాలో జమ అవుతున్నాయో లేదో వారే చూసుకోవాలి.

మూడో రకం ఉద్యోగులు కాంట్రాక్టువారు, ఔట్‌సోర్సింగువారు. 1982లో ప్రావిడెంట్ ఫండు చట్టాన్ని విశ్వవిద్యాలయాలకు, కళాశాలలకు, పాఠశాలలకు వర్తింపజేశారు. సొంత పింఛను గల పర్మనెంటువారికి అందులోంచి మినహాయింపు. మిగిలినవారికి, ముఖ్యంగా ఏజెన్సీ ద్వారా వచ్చే అటెండర్లకు, స్వీపర్లకు, డేటా ఎంట్రీ పిల్లలకు, అది ఒక్కటే దిక్కు. జీతంలో కోసిన సొమ్ము ఏజెన్సీ కట్టిందా లేదా అన్నది పాస్‌బుక్కు చూస్తేనే తెలుస్తుంది. ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్త నంబరు ఇస్తామంటే ఒప్పుకోవద్దు. ఒక మనిషికి ఒకే యు.ఎ.ఎన్. ఉండాలి. పదేళ్ళ సర్వీసు కలిస్తేనే 1995 స్కీము కింద పింఛను. రెండు మూడు నంబర్లలో సర్వీసు చెదిరిపోతే పదేళ్ళు చేసీ పింఛను పోగొట్టుకుంటారు.

గ్రాట్యుటీ విషయంలో గురువులు పడిన పాట్లు వేరు. 1972 చట్టం కర్మాగారాలకు, గనులకు, తోటలకు, ఓడరేవులకు, రైల్వేలకు, దుకాణాలకు వర్తించింది. 1997 ఏప్రిల్ 3న కేంద్రం నోటిఫికేషను ఇచ్చి, పదిమందికి తక్కువ కాని విద్యాసంస్థలన్నిటికీ విస్తరించింది. కాని 2004లో సుప్రీంకోర్టు ఉపాధ్యాయుడు చట్టంలోని ఉద్యోగి అనే నిర్వచనంలోకి రాడని తీర్పు ఇచ్చింది. బడిలో గంట కొట్టే అటెండరుకు గ్రాట్యుటీ ఉంది, పాఠం చెప్పే మాస్టారికి లేదు! పార్లమెంటు 2009లో నిర్వచనం మార్చి, 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా వెనక్కి లాగింది. ఇంతటితో అయిపోలేదు. రాంచీలోని బిర్లా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అనే డీమ్డ్ విశ్వవిద్యాలయంలో ఒక అధ్యాపకుని గ్రాట్యుటీ కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 2019 జనవరి 7న ఆయనకు వ్యతిరేకంగా తీర్పు వచ్చింది. 2009 సవరణ సంగతి అప్పుడు కోర్టు దృష్టికి రాలేదు. తర్వాత న్యాయమూర్తులే కేసును మళ్ళీ పిలిచి మార్చి 7న పాత తీర్పును వెనక్కి తీసుకుని ఆయన వైపు చెప్పారు. ప్రైవేటు పాఠశాలలవారు ఆ సవరణనే సవాలు చేయగా 2022 ఆగస్టులో కోర్టు సవరణ చెల్లుతుందని ఖాయం చేసింది. గిరి గారు సంతకం పెట్టిన కాగితం తరగతి గది గుమ్మం దాటి మాస్టారి చేతికి నిలకడగా చేరడానికి సరిగ్గా యాభై ఏళ్ళు పట్టిందన్నమాట. ఆ చట్టం కింద గరిష్ఠ పరిమితి 2018 మార్చి 29 నుంచి 20 లక్షల రూపాయలైంది. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చి గ్రాట్యుటీ విషయాలు అందులో కలిశాయి. కాలపరిమితి నియామకం గలవారికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ అన్నది అందులో కొత్త సంగతి. కాంట్రాక్టు అధ్యాపకులు నియామకపు ఉత్తరువు జాగ్రత్తగా దాచుకోవాలి.

జాగ్రత్త అంటే ఒక మాట. నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఉద్దానం వైపు నుంచి ఒకామె కుటుంబ పింఛను కాగితాలతో వచ్చేవారు. భర్త కిడ్నీ జబ్బుతో సర్వీసులోనే పోయారు. పెళ్ళికి ముందు రాసిన నామినేషన్‌లో తల్లి పేరుంది, ఆ తల్లి అప్పటికే లేరు. సర్వీసు రిజిస్టరులో భార్య పేరు లేదు. ఆమె వారసత్వపు పత్రం కోసం, సాక్షుల కోసం తిరగవలసి వచ్చింది. పిల్లలిద్దరూ బడి ఈడువారు. పెళ్ళి అయినా, బిడ్డ పుట్టినా, నామినీ చనిపోయినా నామినేషన్ మార్చాలి. అది ఒక్క కాగితం, ఒక్క సంతకం. కిడ్నీ జబ్బు మన తీరాన్ని ఇంతగా పట్టి పీడిస్తున్నప్పుడు ఉద్యోగంలో ఉన్న కుర్రవాళ్ళు దీన్ని రిటైర్మెంటు నాటి పని అనుకోకూడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకు పలాస, వజ్రపుకొత్తూరు వైపు ఇళ్ళ పైకప్పులతో పాటు ట్రంకు పెట్టెల్లోని కాగితాలూ తడిసి ముద్దయ్యాయి. పి.పి.ఓ. నకలు ఒకటి వేరే ఊళ్ళో పిల్లల దగ్గర ఉంచండి.

మళ్ళీ గిరి గారి దగ్గరకు. 1973 జనవరిలో జై ఆంధ్ర ఉద్యమం నడుమ మన రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన పెట్టింది ఆయన హయాంలోనే. ఎన్.జి.ఓ.ల సమ్మెలో పాల్గొన్న పెద్దలు మన సంఘంలో ఉండేవారు. ఆ తర్వాతి ఆరు సూత్రాల ఒప్పందం ప్రకారం చేసిన 32వ రాజ్యాంగ సవరణ హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయానికి దారి తీసింది. 1974 మే నెలలో దేశమంతటా రైల్వే సమ్మె జరిగింది. మే 8 నుంచి 27 దాకా ఇరవై రోజులు. నడిపినది జార్జి ఫెర్నాండెజ్ అధ్యక్షుడిగా ఉన్న రైల్వేమెన్స్ ఫెడరేషన్, అంటే యాభై ఏళ్ళ కిందట గిరి గారు కట్టిన ఇల్లే. వేలాదిమందిని అరెస్టు చేశారు, ఉద్యోగాలు పోయాయి. క్వార్టర్లలోంచి కుటుంబాలను ఖాళీ చేయించారు. బి.ఎన్.ఆర్. కార్మికుల నాయకుడు అప్పుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నారు. రాష్ట్రపతి మంత్రివర్గం సలహా ప్రకారమే నడవాలి, నిజమే. 1954లో మంత్రిగా ఉండి వదులుకున్నట్టు 1974లో ఎందుకు వదులుకోలేదని అడిగిన రైల్వేవారు ఉన్నారు. పదవీకాలం అప్పటికి మూడు నెలలే మిగిలింది. వయసు ఎనభైకి దగ్గర. ఆయన్ని రబ్బరు స్టాంపు అన్నవారితో నేను ఏకీభవించను. కానీ ఆ ఇరవై రోజుల ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు.

1974 ఆగస్టు 24న పదవీ విరమణ చేసి మద్రాసు చేరారు. 1975లో భారతరత్న ఇచ్చారు. 1951 నాటి చట్టం ప్రకారం మాజీ రాష్ట్రపతికి పింఛను ఉంది గనుక చివరి ఆరేళ్ళు ఆయనా మనలాగే పింఛనుదారు. శ్రీమతి సరస్వతీబాయి గారు, పద్నాలుగుమంది సంతానం గల పెద్ద కుటుంబం ఆయనది. 1976లో ఆంగ్లంలో ఆత్మకథ వెలువడింది. 1980 జూన్ 24న మద్రాసులో గుండెపోటుతో కన్నుమూశారు. నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. బరంపురంలో గిరి రోడ్డు ఉంది. ఎం.కె.సి.జి. ఆసుపత్రికి వైద్యం కోసం వెళ్ళే మన ఉద్దానంవారు వారం వారం బరంపురం స్టేషనులో దిగుతూనే ఉన్నారు.